మా బావ ఒప్పుకున్న రోజు

మా బావ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఈ సామెతను ఊరికే అందరికీ వాడేస్తుంటారు గానీ మా బావ దగ్గర అది చాలదు. కుందేలును తెచ్చి ఎదురుగా నిలబెట్టి నాలుగో కాలు చూపిస్తే, "అది కాలు కాదు, వాపు" అనేవాడు. కిందపడ్డా తనదే పైచేయి. ఆయనతో ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మా అక్క "నువ్వు చెప్పిందే కరెక్టు" అన్న మాట ఆయన నోట ఒక్కసారీ వినలేదు. వినాలని మహా ఉబలాటపడేది కూడా. పెళ్లైన కొత్తలో నాతో, "ఒరేయ్, ఈ మనిషి ఒక్కసారి నా మాట ఒప్పుకుంటే చాలురా, ఇంకేమీ అడగను" అనేది. ఆ కోరిక తీరింది. ఎలా తీరిందో చెప్పడానికే ఇదంతా.

బావ సిటీ బస్సు డ్రైవర్. ఒకసారి నిండు బస్సుతో తిరగాల్సిన మలుపు వదిలేసి పక్క సందులోకి తిప్పాడు. లోపల జనమంతా "డ్రైవర్, దారి తప్పావ్" అని గోల. మామూలు మనిషైతే నాలుక కరుచుకుని బండి ఆపుతాడు. ఈయన "ఇది దగ్గరి దారి, కూర్చోండి" అని ముందుకే పోయి, తీసుకెళ్లి ఒక గోడకు ఎదురుగా నిలబెట్టాడు. బస్సు వెనక్కి రావడానికి ఆ సందులో ఉన్న స్కూటర్లన్నీ తీయించాల్సి వచ్చింది. డిపో మేనేజర్ పిలిచి సంజాయిషీ అడిగితే, "గోడ కొత్తగా కట్టారు సార్" అన్నాడట. ఆ గోడ నిండా నాచు పట్టి ఉందని కండక్టర్ తర్వాత మాకు చెప్పాడు.

బస్సు సీటు ఆయన నడుమును తినేసింది. నొప్పి తగ్గడానికి డిపో ఎదురుగా ఉన్న మందుల షాపులో బిళ్లలు కొని, చిల్లరకు బదులు ఇచ్చే చాక్లెట్లలా మింగేవాడు. డాక్టరు వద్దన్నాడు. అక్క వద్దంది. నేను కరెంటు పనివాణ్ణి, మందుల గురించి నాకేం తెలుసు, అయినా నేనూ వద్దన్నాను. "నొప్పి నాదా, మీదా?" అనేవాడు. చివరికి కాళ్లు వాచి, మొహం వాచి, పరీక్ష చేయిస్తే రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. అప్పుడైనా బిళ్లల వల్లేనని ఒప్పుకున్నాడా? ఇంజిను వేడి వల్ల అన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చావలేదు. మనిషి పోయినా కోపం మిగిలే ఉంది, దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియడం లేదు.

అలా డయాలసిస్ మొదలైంది. వారానికి మూడు రోజులు, ఉదయం షిఫ్టు. నా బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. ఆయన ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు, దాన్ని ఫిస్టులా అంటారు. చర్మం మీద వేలు పెడితే లోపల రక్తం తేనెటీగలా జుమ్మంటూ ఉంటుంది. ఆ రొద ఉన్నంత కాలం సూదులు గుచ్చొచ్చు, మిషన్ నడుస్తుంది. అక్క పొద్దున్నే లేచి ఆ చేతికి చెవి ఆనించి వినేది. "ఏమే, రేడియో పలుకుతోందా?" అనేవాడు బావ. "పలుకుతోంది" అని లేచి పనిలో పడేది. అక్కది ప్రెస్సులో పుస్తకాల బైండింగ్ పని, ఎంత కడిగినా వేళ్ల సందుల్లో జిగురు పోదు.

డయాలసిస్ గదిలో నాలుగు మంచాలు. బావ పక్కన టైలర్. ఎదురుగా లెక్కల టీచరమ్మ, రిటైరైన మనిషి. ఆవిడ పక్కన బేకరీ నడిపే పెద్దాయన. తోడు వచ్చినవాళ్లం బయట వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. తలుపు సగం తెరిచే ఉంచేవారు కాబట్టి లోపలి మాటలన్నీ మాకు వినబడేవి. మొదట్లో వినడానికి ఏమీ ఉండేది కాదు. మిషన్ల చప్పుడు, అప్పుడప్పుడు మూలుగు, అంతే. నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవడం. ఇంటికి వచ్చాక బావ, "చచ్చినవాళ్లను వరసగా పేర్చినట్టుందిరా" అన్నాడు.

ఒకరోజు గోడ మీది టీవీలో పాత ఫుట్‌బాల్ ఆటలేవో వేస్తున్నారు. టైలర్ తెర మీద మారడోనాను చూసి, ఎవరితోనో కాదు, తనలో తానే అన్నట్టు, "వీణ్ణి మించినవాడు పుట్టలేదు, పుట్టడు" అన్నాడు.

బావ తల తిప్పాడు. చెయ్యి కదపకూడదు కదా, తల ఒక్కటే తిప్పగలడు.

"పీలే ఎక్కడికి పోయాడు?"

"పీలేనా? నువ్వు పీలే ఆడగా చూశావా డ్రైవరన్నా?"

"నువ్వు మీ ముత్తాతను చూశావా? ఆయన లేకుండానే నువ్వు పుట్టావా?"

వరండాలో బెంచీ మీద ఉన్న అందరం నవ్వాం. టైలర్ కూడా నవ్వాడు గానీ వదల్లేదు. బావకు పీలే మూడు ప్రపంచ కప్పులే బ్రహ్మాస్త్రం. టైలర్ ఆ మూడింట్లో ఒకటి పీకేశాడు. అరవై రెండులో పీలే రెండో ఆటలోనే గాయపడి కూర్చుంటే, ఆ కప్పును గరించా మోసుకొచ్చాడన్నాడు. "టీమ్‌లో ఉన్నాడా, లేదా? పెళ్లికొడుక్కి జ్వరం వస్తే పెళ్లి వేరేవాడిది అయిపోతుందా?" అన్నాడు బావ. లెక్కల టీచరమ్మ అంతసేపూ ఊరుకుని, "మీ ఇద్దరికీ బంతి ఉన్నవాడే కనిపిస్తాడు. ఖాళీ ఎక్కడుందో చూసినవాడు గొప్పవాడు. క్రైఫ్" అంది. కప్పు గెలవని క్రైఫ్‌ను ఎలా లెక్కేస్తారని ఇద్దరూ ఆవిడ మీద పడ్డారు. బేకరీ ఆయన మెల్లగా, "గోల్‌కీపర్ లేకుండా ఎవడాడతాడయ్యా? గోలీ అంటే యాషిన్" అన్నాడు. ముగ్గురూ కలిసి ఆయన మీద పడ్డారు.

ఆ రోజు నుంచి ఆ గది గది కాదు, సంత. డయాలసిస్ రోజంటే శవంలా బయల్దేరే మా బావ, నేను హారన్ కొట్టకముందే గుమ్మంలో నిలబడేవాడు. దారి పొడుగునా నా వీపు వెనక నుంచి ఇవాళ టైలర్‌కు ఏం చెప్పాలో రిహార్సల్ వేసేవాడు. నీళ్లు కొలిచి తాగే మనుషులు, మాటలు మాత్రం బిందెలతో పోసేవారు. చివరి గంటలో పిక్కలు పట్టేసేవి. సిస్టర్ వచ్చి పాదాన్ని పైకి నొక్కి పట్టుకునేది, మైదానంలో పడిపోయిన ఆటగాడికి తోటివాడు పట్టినట్టు. "ఎక్స్‌ట్రా టైమ్‌లో పడ్డాం డ్రైవరన్నా" అని టైలర్ పళ్లు బిగించి నవ్వేవాడు.

బేకరీ ఆయన నెమ్మది మనిషి. ఒకరోజు టైలర్, బావ ఇద్దరూ గట్టిగా పట్టుకున్నారు. గోలీ గోలు ఆపుతాడు, ఆట ఆడడు, గొప్పవాళ్లలో గోలీని కలపకూడదన్నారు. ఆయన కాసేపు విని, "సరేలేవయ్యా, మీరే రైటు" అని కళ్లు మూసుకున్నాడు. తర్వాతి షిఫ్టుకి ఆయన మంచం ఖాళీ. దుప్పటి మార్చి, కొత్త మనిషిని పడుకోబెట్టారు. ఆ కొత్తాయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగాడు.

తర్వాత టైలర్ గొంతు వినబడింది.

"ఇదిగో, ఇద్దరికీ చెప్తున్నా. ఇకమీదట ఈ గదిలో ఎవరూ ఒప్పుకోకూడదు. తప్పని తెలిసినా ఒప్పుకోకూడదు. ఒప్పుకున్నవాడు మళ్లీ రాడు."

"నాకెందుకయ్యా చెప్తావ్? నాకు పుట్టుకతోనే ఆ జబ్బు" అన్నాడు బావ.

వేళాకోళంగానే అనుకున్నారు గానీ అది ఆ గది చట్టమైపోయింది. వాదన ముగిసే వేళకు ఒకళ్లనొకళ్లు అడుగుతుండేవారు: "ఒప్పుకున్నావా?" "చచ్చినా ఒప్పుకోను." ఆ జవాబు వినగానే సిస్టర్ మిషన్ ఆపి సూదులు తీసేది. బెంచీ మీద కూర్చున్న మాకు అదొక ధైర్యం. చదువుకున్నవాళ్లు మూఢనమ్మకం అంటారేమో, అననీ. వాళ్లను వచ్చి ఆ బెంచీ మీద కూర్చోమనండి.

టైలర్ ఆఖరి రోజు బావ ఆయన్ను ఒక ప్రశ్న దగ్గర ఇరికించాడు. "చేత్తో గోలు కొట్టి, దేవుడి చెయ్యి అన్నాడు నీ మారడోనా. నా బస్సులో టికెట్టు కొనకుండా ఎక్కినవాడు కూడా అదే చెప్తాడు. దొంగ గొప్పవాడెలా అవుతాడో చెప్పు." టైలర్‌కు అప్పటికే ఆయాసం. "చెప్తా. వచ్చే షిఫ్టులో చెప్తా నీకు జవాబు" అన్నాడు. "ఒప్పుకున్నావా?" "చచ్చినా ఒప్పుకోను."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ వారం చివర్న ఇంట్లో కుట్టుమిషన్ ముందే ఒరిగిపోయాడట, సగం కుట్టిన చొక్కా చేతిలోనే ఉందట. సంగతి సిస్టర్ చెప్పింది. బావ ఆ రోజు నాలుగు గంటలూ పక్క మంచం వైపే తిరిగి పడుకున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద, "వాడు ఒప్పుకోలేదురా. ఒప్పుకోకుండానే పోయాడు. మరి చట్టం ఏం పనిచేసినట్టు?" అని అడిగాడు. ట్రాఫిక్ చప్పుడులో వినబడనట్టు నటించాను.

తర్వాత లెక్కల టీచరమ్మ చెల్లెలింటికి దగ్గరగా ఉన్న వేరే ఆసుపత్రికి మారిపోయింది. వెళ్లే రోజు బావ మంచం దగ్గర ఆగి, "క్రైఫే డ్రైవర్ గారూ" అంది. "కాదు టీచరమ్మా" అన్నాడు బావ, కానీ గొంతులో పస లేదు. ఆ గదిలో ఇక ఎవరికీ ఫుట్‌బాల్ గొడవ లేదు. బావ మాట్లాడటం మానేశాడు. తర్వాత రావడం మానడం మొదలుపెట్టాడు. ఒకరోజు తల తిరుగుతోందంటాడు, ఒకరోజు వర్షం అంటాడు. మానిన ప్రతిసారీ ఒంట్లో నీరు చేరి, రొప్పుతూ కూర్చునేవాడు. ఇలా వదిలేస్తే ఊపిరితిత్తుల్లో నీరు నిండి పోతాడని డాక్టరు అక్కతో మొహం మీదే చెప్పాడు.

అక్క ఆ మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచింది. ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకు ఆ ఆట నేర్పు" అంది.

"ఏ ఆట?"

"టైలర్ గారి ఆట."

మా అక్క జన్మలో ఒక్క మ్యాచ్ చూసిన మనిషి కాదు. ఇరవై రెండు మంది ఒక్క బంతి కోసం కొట్టుకునే బదులు తలా ఒకటి కొనుక్కోవచ్చుగా అనేది. అలాంటి మనిషి గిన్నెలు పక్కకు నెట్టి, గట్టు మీద ఫోన్ ఆనించి, పాత గోల్స్ అన్నీ చూసింది. ఆఫ్‌సైడ్ రూలు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, గరిటెలను ఆటగాళ్లుగా నిలబెట్టాను. మారడోనా ఎనభై ఆరులో ఒకే ఆటలో కొట్టిన రెండు గోల్సూ, చేత్తో కొట్టినదీ, ఆ తర్వాత నాలుగు నిమిషాలకే మైదానం సగం నుంచి ఒక్కడే అందర్నీ దాటుకుంటూ వెళ్లి కొట్టినదీ, మళ్లీ మళ్లీ వేయించుకుంది. ప్రెస్సులో కాగితాలు మడుస్తూ కూడా అదే ఆలోచన అట. మధ్యలో ఫోన్ చేసి, "అరవై రెండులో ఎవర్రా, కాళ్లు వంకరగా ఉంటాయే, అతని పేరు?" అని అడిగేది.

సిస్టర్‌ను బతిమాలి లోపల స్టూలు వేయించుకుంది. టైలర్ మంచానికీ బావ మంచానికీ మధ్య కూర్చుని, ముందుమాట ఏమీ లేకుండా, "టైలర్ గారు మీకొక జవాబు చెప్పాలి కదా, నేను చెప్తాను వినండి" అంది.

బావ ఆమెను దయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"చేత్తో కొట్టాడు. తప్పే. కొట్టినవాడికి తెలియదా అది తప్పని? జీవితాంతం జనం ఆ చెయ్యే చూపిస్తారని తెలుసు. అందుకే వెంటనే రెండోది కొట్టాడు, ఎవడూ నోరెత్తకుండా. తప్పు చేశాక అంత గొప్ప పని చేసినవాణ్ణి ఎవర్నైనా ఒకర్ని చూపించండి. మనవాళ్లు తప్పు చేస్తే గోడ కొత్తగా కట్టారంటారు."

వరండాలో నేను బెంచీ మీద నుంచి లేచాను. తర్వాత బావ గొంతు, ఎన్నాళ్ల తర్వాతో ఆ పాత గొంతు: "ఓసి నీ... గోడ సంగతి నీకెవరు చెప్పారే? ఆ గోడ నిజంగానే కొత్తది!" గదిలో ఇయర్‌ఫోన్ల ఆయన కూడా ఇయర్‌ఫోన్లు తీసి చూశాడట. చివర్లో అక్క, "ఒప్పుకున్నారా?" అంది. "చచ్చినా ఒప్పుకోను" అన్నాడు. సిస్టర్ సూదులు తీసింది. అక్క బయటికి వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

కొన్నాళ్లు అలా గడిచాయి. ఆ కొన్నాళ్లూ మా అక్క మొహంలో నేను చూసిన వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదు. ముప్ఫై ఏళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

ఒకరోజు పొద్దున అక్క ఆయన చేతికి చెవి ఆనించి, లేవలేదు. బావ "పలుకుతోందా?" అన్నాడు. అక్క చెవి అటూ ఇటూ జరిపి చూసింది. రొద లేదు. ఫిస్టులా మూసుకుపోయింది. ఆసుపత్రిలో మెడ దగ్గర గొట్టం వేశారు. ఆ గొట్టానికి చీము పట్టి, చలిజ్వరం వచ్చింది. తీసి ఇంకోవైపు వేశారు. మనిషి సగమయ్యాడు. ప్యాంటు బెల్టుకు నేనే మేకుతో కొత్త చిల్లులు పొడిచాను. బండి మీద నా వీపుకు తల ఆనించి కూర్చునేవాడు. రిహార్సళ్లు లేవు.

అయినా అక్క మానలేదు. స్టూలు మీద కూర్చుని రోజూ ఏదో ఒకటి తవ్వేది. ఆ రోజు కూడా, "మీ పీలే మూడు కప్పులూ మూడు కప్పులూ అంటారు. అరవై రెండుది గరించాది. మీకు లెక్క రెండే" అని మొదలుపెట్టింది. ఆయన్ను రెచ్చగొట్టడానికి అంతకంటే మంచి మాట లేదు, ఎన్నిసార్లు అన్నా అంతెత్తున లేచేవాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను, నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు.

బావ ఆమె వైపు తల తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"సరే" అన్నాడు. "నువ్వు చెప్పిందే కరెక్టు."

ముప్ఫై ఏళ్లు ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి, అది విని స్టూలు మీద నుంచి లేచి నిలబడింది.

"అలా అనకండి."

"నిజమేనే. మారడోనానే గొప్పవాడు. టైలర్‌ది రైటు, నీది రైటు."

"లేదు, లేదండీ, నేనే తప్పు" అంది అక్క. జిగురు చేతులతో ఆయన భుజం పట్టుకుంది. "పీలేనే గొప్పవాడు. మూడు కప్పులండీ! పదిహేడేళ్ల పిల్లాడు వెళ్లి ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు, మీరే చెప్పారుగా. టీమ్‌లో ఉంటే కప్పు అతనిదే, పెళ్లికొడుక్కి జ్వరం వస్తే పెళ్లి వేరేవాడిది అవుతుందా? పీలేనే. నేను తప్పు చెప్పాను. కాదనండి. ఏదో ఒకటి కాదనండి."

బావ కళ్లు మూసుకున్నాడు.

"అదీ కరెక్టే" అన్నాడు.

తర్వాతి షిఫ్టు రోజు నేను వెళ్లి గుమ్మం ముందు హారన్ కొట్టాను. అక్క బయటికి వచ్చి తల అడ్డంగా ఊపింది. రానన్నాడట. ఎందుకు రారని అడిగితే వాదించలేదట. నేను లోపలికి వెళ్లి అరిచాను, చేతులు పట్టుకున్నాను, తిట్టాను కూడా. "నువ్వన్నది నిజమేరా" అన్నాడు, లేవలేదు. ఆ మరుసటి షిఫ్టుకూ లేవలేదు.

హెల్మెట్ పక్కన పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. లోపల అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆయనకు ఎనభై ఆరు నాటి ఆట మొదటి నుంచి చెబుతోంది. కావాలనే ఒక్కో పేరూ తప్పు చెబుతోంది. ఆయన ప్రతి మాటకూ ఊ కొడుతున్నాడు.